ఇనుప పొడికి పల్లాడియం తోడు: క్లోరిన్ సమ్మేళనాలను విడగొట్టే ఉత్ప్రేరకాన్ని తయారుచేసి పరీక్షించడం ఎలా

ట్రైక్లోరోఇథిలీన్, క్లోరోఫినాల్స్, పీసీబీలు (పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్): ఇవన్నీ పరిశ్రమల నుంచి వచ్చే క్లోరిన్ కాలుష్యాలు. ఈ పేర్లన్నిటిలో ఒకే మొండి ఘటం దాగి ఉంది, అది కార్బన్‌కీ క్లోరిన్‌కీ మధ్య ఉన్న బంధం. భూగర్భ జలంలోకి ఒకసారి దిగాక ఇవి ఏళ్ల తరబడి విరగకుండా ఉండిపోతాయి. వీటికి ఎలక్ట్రాన్లు ఇచ్చి క్లోరిన్‌ను ఊడగొట్టడానికి మామూలు ఇనుము పనికొస్తుందని 1990ల మొదట్లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో జరిగిన పని గట్టిగా చూపించింది. ఆ తర్వాత కొన్నేళ్లకే కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక పారిశ్రామిక స్థలం కింద, భూగర్భ జలం పారే దారికి అడ్డంగా ఇనుప రజను గోడ వేశారు.

కానీ ఒక్క ఇనుమే అయితే పని నెమ్మది. ట్రైక్లోరోఇథిలీన్ విషయంలో ఇంకో చిక్కు ఉంది: క్లోరిన్లు ఒక్కొక్కటిగా ఊడుతూ మధ్యలో వినైల్ క్లోరైడ్ మిగిలిపోవచ్చు. అది క్యాన్సర్ కారకం. అంటే అర్ధంతరంగా ఆగిన శుద్ధి మొదటి కాలుష్యం కంటే చెడ్డది కావచ్చు. ఇనుముపై పల్లాడియం అనే ఖరీదైన లోహాన్ని రవ్వంత చేరిస్తే వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది, క్లోరిన్ ఉన్న మధ్య పదార్థాలు పెద్దగా పోగుపడవు. ఈ సంగతి 1990ల మధ్య నుంచి తెలుసు.

ఈ వ్యాసం ల్యాబ్‌లో మొదటిసారి ఈ పని మొదలుపెడుతున్న విద్యార్థి కోసం. ఫ్యూమ్ హుడ్, నైట్రోజన్ సిలిండర్, హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని కర్బన పదార్థాలను విడదీసి కొలిచే పరికరం), అయాన్ క్రొమటోగ్రఫీ (క్లోరైడ్ లాంటి అయాన్లను కొలిచేది) అందుబాటులో ఉన్నాయనుకుని రాస్తున్నాను. ఇంట్లో చేసే పని కాదు. ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి: నీళ్లలోంచి కాలుష్యం మాయమైందంటే అది విరిగిందని కాదు. క్లోరైడ్‌ను లెక్కపెట్టి చూపించినప్పుడే విరిగినట్టు.

ఏ లోహం కలపాలి?

తోడు లోహం రెండు పనులు చేయగలదు. మొదటిది బ్యాటరీ లాంటి పని. ఇనుముకీ దానికీ మధ్య విభవం తేడా వల్ల ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, అంటే ఎలక్ట్రాన్లు త్వరగా వదులుతుంది. రెండోది హైడ్రోజన్‌ను చీల్చడం. ఇనుము నీటితో చర్య జరిపినప్పుడు వచ్చే హైడ్రోజన్ అణువును ఈ లోహం రెండు పరమాణువులుగా విడగొట్టి తన ఉపరితలం మీద పట్టి ఉంచుతుంది. ఆ ఒంటరి హైడ్రోజనే కార్బన్ మీది క్లోరిన్‌ను తోసేసి దాని చోట కూర్చుంటుంది.

పల్లాడియం రెండు పనులూ బాగా చేస్తుంది. నికెల్ కూడా రెండూ చేస్తుంది, ధర చాలా తక్కువ. కానీ దాన్ని పల్లాడియం కంటే ఎక్కువ మోతాదులో వాడాలి, పైగా అది మెల్లగా నీటిలోకి కరుగుతుంది. ఒక విషాన్ని తీయడానికి ఇంకో విషలోహాన్ని నీటిలోకి వదలడం నాకు నచ్చదు. తాగునీటి మూలం దగ్గర వాడే ఆలోచన ఉంటే నికెల్ జోలికి వెళ్లకండి. రాగి, వెండి మొదటి పని చేస్తాయి, రెండో పనిలో బలహీనం. అయినా పోలిక కోసం రాగితో ఒక బ్యాచ్ చేయండి. పల్లాడియంతో వచ్చే లాభంలో ఎంత భాగం బ్యాటరీ ప్రభావం, ఎంత భాగం హైడ్రోజన్ వల్ల అన్నది ఆ పోలికలో కొంతవరకు బయటపడుతుంది.

ఇక్కడ మనం వాడే పూత పద్ధతి చాలా సులువైనది. లోహ లవణ ద్రావణాన్ని ఇనుముకి తగిలిస్తే ఇనుము కొంచెం కరిగి, ఆ లోహం దాని మీద పేరుకుంటుంది. ఇలా జరగాలంటే ఆ లోహపు ప్రమాణ విభవం (దాని అయాన్లు ఎలక్ట్రాన్లను ఎంత బలంగా లాక్కుంటాయో చెప్పే అంకె) ఇనుము విభవమైన మైనస్ 0.44 వోల్టుల కంటే పైన ఉండాలి. నికెల్‌కి సుమారు మైనస్ 0.26, రాగికి ప్లస్ 0.34, వెండికి 0.80, పల్లాడియంకి 0.9 పైన. జింక్‌ది మైనస్ 0.76 కాబట్టి దాన్ని ఈ దారిలో ఇనుముపై పూయలేం.

ఎంత కలపాలి? ముందు కాగితం మీద

చాలామంది ఎక్కడో చదివిన శాతాన్ని తెచ్చి వాడేస్తారు. అక్కడే పొరపాటు మొదలవుతుంది. పల్లాడియం మోతాదును ఇనుము బరువుతో కాదు, ఇనుము ఉపరితలంతో చూడాలి.

లెక్క ఇది. ఒక చదరపు మీటరు ఉపరితలాన్ని ఒకే ఒక్క పొరతో కప్పడానికి సుమారు 1.27 × 10¹⁹ పల్లాడియం పరమాణువులు పడతాయి. మీ దగ్గరున్న మైక్రాన్ల సైజు ఇనుప పొడికి గ్రాముకు 0.1 చదరపు మీటరు ఉపరితలం ఉందనుకోండి. దాన్ని మొత్తం కప్పడానికి కావలసింది 1.27 × 10¹⁸ పరమాణువులు, అంటే సుమారు 2.1 మైక్రోమోల్స్. బరువులో చూస్తే 0.22 మిల్లీగ్రాములు. గ్రాము ఇనుముకి 0.022 శాతం పల్లాడియంతోనే ఒక పూర్తి పొరకు సరిపడా సరుకు వచ్చేసింది! అదే నానో ఇనుముకి గ్రాముకు 30 చదరపు మీటర్లు ఉంటే, పూర్తి పొరకు 67 మిల్లీగ్రాములు, అంటే సుమారు 6.7 శాతం కావాలి. నానో ఇనుముకి సరైన శాతాన్ని తెచ్చి మైక్రాన్ పొడికి వాడితే ఎన్నో పొరల మందాన ఖరీదైన లోహం వృథా అవుతుంది.

నిజానికి పల్లాడియం చక్కగా పరచిన పొరలా పేరుకోదు, చిన్న చిన్న దీవుల్లా పేరుకుంటుంది. మనకు కావలసింది కూడా అదే. దీవుల మధ్య ఇనుము బయటపడి ఉంటేనే అది నీటిని తాకి ఎలక్ట్రాన్లు, హైడ్రోజన్ ఇవ్వగలదు. ఇనుమంతా కప్పేస్తే ఇంధనం అయిపోయిన బండిలా ఉంటుంది. అందుకే మోతాదు పెంచుతూ పోతే వేగం మొదట పెరిగి, తర్వాత నిలకడగా ఉండి, ఒక్కోసారి తగ్గుతుంది కూడా.

కాబట్టి ముందుగా మీ ఇనుప పొడికి బీఈటీ పద్ధతిలో (పొడి మీద అంటుకునే వాయువును బట్టి ఉపరితలం లెక్కకట్టే పద్ధతి) ఉపరితలం కొలిపించండి. ఆ తర్వాత కనీసం నాలుగు మోతాదులు ఎంచుకోండి. మైక్రాన్ పొడికి 0.005, 0.02, 0.05, 0.1 శాతాలు మంచి మొదలు.

స్టాక్ ద్రావణం

పల్లాడియం క్లోరైడ్ మామూలు నీటిలో సరిగా కరగదు. 166.6 మిల్లీగ్రాముల పల్లాడియం క్లోరైడ్‌ను 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మెల్లగా వేడిచేస్తూ కరిగించి, చల్లారాక అదే ఆమ్లంతో 100 మిల్లీలీటర్లకు తెండి. ఇందులో 100 మిల్లీగ్రాముల పల్లాడియం ఉంటుంది. అంటే మిల్లీలీటరుకి సరిగ్గా ఒక మిల్లీగ్రాము, తర్వాతి లెక్కలన్నీ నోటితోనే అయిపోతాయి. అడుగున పొడి మిగిలితే వాడకండి, పూర్తిగా కరిగేదాకా ఓపిక పట్టండి.

కింది ఉదాహరణలో 6 గ్రాముల ఇనుము, 0.05 శాతం పల్లాడియం తీసుకుంటున్నాను. అంటే 3 మిల్లీగ్రాములు, స్టాక్ 3 మిల్లీలీటర్లు.

ఇనుమును కడగడం

కొన్న ఇనుప పొడి మీద ఎప్పుడూ ఆక్సైడ్ పొర ఉంటుంది. అది పోకపోతే పల్లాడియం సరిగా అంటదు. సీసాలో 6 గ్రాముల పొడి వేసి, 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50 మిల్లీలీటర్లు పోసి పది నిమిషాలు ఊపండి. బుడగలు వస్తాయి, అది హైడ్రోజన్. మూత బిగించవద్దు, దగ్గర్లో మంట ఉండకూడదు.

ఆమ్లాన్ని వంచేటప్పుడు సీసా బయటి నుంచి గట్టి అయస్కాంతం పట్టుకోండి. పొడి అంతా గోడకు అతుక్కుంటుంది, నీరు మాత్రమే బయటికి వస్తుంది. తర్వాత ఆక్సిజన్ తీసేసిన నీటితో నాలుగైదు సార్లు కడగండి. డీఅయోనైజ్డ్ నీటిలోకి అరగంట పాటు నైట్రోజన్ పంపితే ఆక్సిజన్ చాలావరకు పోతుంది. ఈ ఒక్క జాగ్రత్త వదిలేస్తే కడిగిన ఇనుము మన కళ్ల ముందే గోధుమ రంగుకి తిరుగుతుంది, అప్పటిదాకా చేసిందంతా వృథా.

పూత వేయడం

కడిగిన ఇనుము మీద ఆక్సిజన్ లేని నీరు 40 మిల్లీలీటర్లు పోయండి. 3 మిల్లీలీటర్ల స్టాక్‌ను ఇంకో 27 మిల్లీలీటర్ల నీటితో పలుచన చేసి, సీసాను ఊపుతూ చుక్కలు చుక్కలుగా కలపండి. ఒక్కసారిగా పోస్తే మొదట తగిలిన రేణువుల మీదే లోహమంతా పేరుకుంటుంది.

రంగును గమనించండి. పసుపు, నారింజ మధ్య ఉండే పల్లాడియం రంగు కొన్ని నిమిషాల్లో పోవాలి. పోకుండా నిలిచిందంటే ఇనుము మీద ఇంకా ఆక్సైడ్ ఉన్నట్టే, కడిగే పని మళ్లీ చేయాలి. రంగు పోయినా కంటిని మాత్రమే నమ్మకండి. పైనీటిని కొంచెం తీసి ఐసీపీలో (నీటిలో కరిగిన లోహాలను కొలిచే పరికరం) పల్లాడియం కొలిపించండి. వేసినదాంట్లోంచి నీటిలో మిగిలింది తీసేస్తే ఇనుము మీద నిజంగా ఉన్నదెంతో తెలుస్తుంది. రిపోర్టులో రాయాల్సింది ఆ అంకె, మీరు వేద్దామనుకున్న అంకె కాదు.

ఇప్పుడు మళ్లీ కడగాలి. ఇది అలంకారం కాదు, లెక్క చూడండి. 3 మిల్లీలీటర్ల స్టాక్‌లో ఆమ్లం నుంచి, పల్లాడియం క్లోరైడ్ నుంచి కలిపి సుమారు 12.6 మిల్లీగ్రాముల క్లోరైడ్ వస్తుంది. ఈ ఇనుమును మూడు సీసాలకు పంచితే సీసాకి 4.2 మిల్లీగ్రాములు. మన పరీక్షలో కాలుష్యమంతా విరిగినా ఒక్కో సీసాలో పుట్టే క్లోరైడ్ 0.55 మిల్లీగ్రాములే! కడగకపోతే మనం వెతికేదానికంటే ఏడెనిమిది రెట్ల అబద్ధపు క్లోరైడ్ ముందే కూర్చుని ఉంటుంది. కడిగిన నీటిలో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లని మసక రాకూడదు. వస్తున్నంతసేపు కడుగుతూనే ఉండండి.

తయారైన పొడిని అదే రోజు వాడండి. ఓవెన్‌లో ఆరబెట్టవద్దు. సోడియం బోరోహైడ్రైడ్‌తో చేసిన నానో ఇనుమైతే ఇంకా జాగ్రత్త, ఎండిన నానో ఇనుము గాలి తగిలితే దానంతటదే మండుతుంది. అందుకే మొదటిసారి చేసేవాళ్లు మైక్రాన్ పొడితో మొదలుపెట్టాలని గట్టిగా చెప్తాను.

పరీక్ష సీసాలు

మొదటి పరీక్షకు 4-క్లోరోఫినాల్ ఎంచుకోండి. ఒకే క్లోరిన్ ఉంటుంది, అది ఊడితే ఫినాల్ వస్తుంది, కథ అక్కడ ఆగుతుంది. అంతేకాక ఇది ట్రైక్లోరోఇథిలీన్ అంత త్వరగా గాలిలోకి లేచిపోదు. కానీ ఇదీ విషమే, చర్మం గుండా లోపలికి వెళ్తుంది. తూకం వేసేది హుడ్‌లోనే, చేతికి గ్లవ్స్ తప్పనిసరి. ఫినాల్ దగ్గర కూడా ఇదే జాగ్రత్త.

లీటరుకు 20 మిల్లీగ్రాముల ద్రావణం, ఆక్సిజన్ తీసేసిన నీటిలో చేయండి. 120 మిల్లీలీటర్ల గాజు సీసాలో 100 మిల్లీలీటర్లు పోసి, 2 గ్రాముల పొడి వేసి, లోపలి వైపు టెఫ్లాన్ ఉన్న సెప్టమ్‌తో (సిరంజి సూది గుచ్చగల రబ్బరు మూత) మూయండి. ప్లాస్టిక్ సీసాలు వద్దు, అవి కాలుష్యాన్ని పీల్చుకుంటాయి, మనం విరిగిందని సంబరపడతాం.

సీసాలు నాలుగు రకాలు, ఒక్కో రకం మూడేసి:

- ఇనుము లేకుండా ద్రావణం మాత్రమే
- ఆమ్లంతో కడిగిన ఇనుము, పల్లాడియం లేకుండా
- పల్లాడియం పూసిన ఇనుము
- పల్లాడియం పూసిన ఇనుము, కాలుష్యం లేని నీటిలో

నాలుగోది చాలామంది వదిలేస్తారు. కడిగినా మిగిలిన క్లోరైడ్ ఎంతో చెప్పేది అదొక్కటే. దాన్ని మూడో రకం ఫలితంలోంచి తీసేయాలి.

మాగ్నెటిక్ స్టిరర్ వాడకూడదు. ఇనుమంతా వెళ్లి స్టిరర్ ముక్కకు అతుక్కుని ముద్ద కడుతుంది, ఉపరితలం సగం కూడా మిగలదు. సీసాలను తలకిందులుగా తిప్పే రోటేటర్ మంచిది. తిప్పే వేగం పెంచినప్పుడు చర్య వేగం కూడా పెరుగుతుంటే మీరు కొలుస్తున్నది ఉత్ప్రేరకాన్ని కాదు, కలపడాన్ని. వేగం ఇక పెరగని చోటుకి వెళ్లి అక్కడ కొలవండి.

పీహెచ్ సంగతి. ఇనుము తుప్పు పడుతున్నకొద్దీ నీరు క్షారంగా మారుతుంది, ఇనుప హైడ్రాక్సైడ్ పేరుకుని పల్లాడియం దీవులను కప్పేస్తుంది. అందుకే కొంచెం ఆమ్లంగా ఉన్న నీటిలో పని చురుగ్గా సాగుతుంది. పీహెచ్‌ను నిలకడగా ఉంచే బఫర్ కావాలంటే ఎంఈఎస్ లేదా హెపీస్ అనే బఫర్ రసాయనాలు వాడండి. ఫాస్ఫేట్ వద్దు, అది ఇనుము మీద పొర కట్టి పనిని ఆపేస్తుంది.

0, 5, 15, 30, 60, 120 నిమిషాలకు సిరంజితో శాంపిల్ తీసి వెంటనే ఫిల్టర్ చేయండి. ఫిల్టర్ చేయకుండా పక్కన పెడితే వయల్‌లోకి వచ్చిన సన్నని రేణువులు అక్కడ కూడా పని చేస్తూనే ఉంటాయి. నైలాన్ ఫిల్టర్ ఫినాల్స్‌ను పట్టుకుంటుంది, నీటికి పనికొచ్చే టెఫ్లాన్ ఫిల్టర్ వాడి మొదటి మిల్లీలీటరు పారబోయండి.

లెక్క సరిపోయిందా?

4-క్లోరోఫినాల్, ఫినాల్ రెండిటినీ హెచ్‌పీఎల్‌సీలో కొలవండి. యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ ఒక్కటే చాలదు, రెండిటి శిఖరాలూ పక్కపక్కనే ఉండి కలిసిపోతాయి. క్లోరైడ్‌ను అయాన్ క్రొమటోగ్రఫీతో కొలవండి.

లీటరుకు 20 మిల్లీగ్రాముల 4-క్లోరోఫినాల్ మొత్తం విరిగితే 14.6 మిల్లీగ్రాముల ఫినాల్, 5.5 మిల్లీగ్రాముల క్లోరైడ్ రావాలి. మీ అంకెలు వీటికి దగ్గరగా ఉంటే మంచిది. క్లోరోఫినాల్ పూర్తిగా పోయి, క్లోరైడ్ మాత్రం సగమే వచ్చిందనుకోండి. మిగతా సగం ఇనుము మీద అతుక్కుని ఉండవచ్చు. నీటిని వంచేసి, మిగిలిన పొడిని మెథనాల్‌తో కడిగి ఆ మెథనాల్‌లో వెతకండి. అక్కడ దొరికితే అది శుద్ధి కాదు, దాచిపెట్టడం. ఆ రేణువుల మీంచి అది రేపు మళ్లీ నీటిలోకి రాగలదు. ఈ పరీక్ష చేయకుండా తొంభై తొమ్మిది శాతం తొలగించామని రాయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఫినాల్ కూడా విషమేగా అని అడగవచ్చు, న్యాయమైన ప్రశ్న. కానీ క్లోరిన్ పోయాక దాన్ని బ్యాక్టీరియా చాలా తేలిగ్గా తినేస్తుంది. అందుకే ఈ పద్ధతి తర్వాత జీవ శుద్ధి దశ పెట్టుకోవడం సహజం.

తర్వాత వేగం లెక్క. ప్రతి సమయానికీ గాఢతను మొదటి గాఢతతో భాగించి, సహజ సంవర్గమానం తీసి, సమయంతో గ్రాఫ్ గీయండి. సరళరేఖ వస్తే దాని వాలు, మైనస్ గుర్తు తీసేస్తే, వేగ స్థిరాంకం. ఉదాహరణకు 12 నిమిషాల్లో గాఢత సగమైతే, 0.693ను 12తో భాగిస్తే నిమిషానికి 0.058, గంటకు సుమారు 3.5. దీన్ని లీటరులో ఉన్న ఇనుము ఉపరితలంతో భాగించండి. మన సీసాలో లీటరుకు 20 గ్రాములు, గ్రాముకు 0.1 చదరపు మీటరు, అంటే 2 చదరపు మీటర్లు. ఇలా వచ్చిన 1.7 అనే అంకెనే వేరే పొడులతో పోల్చాలి. నాలుగు మోతాదులకూ గ్రాఫ్ గీస్తే వేగం ఎక్కడ నిలకడకు వచ్చిందో కనిపిస్తుంది. ఆ మలుపుకు కొంచెం ముందున్న మోతాదు ఎంచుకోండి.

ట్రైక్లోరోఇథిలీన్‌కి వెళ్లినప్పుడు సీసాలో ఖాళీ ఉంచితే అందులో కొంత ఆవిరిగా చేరుతుంది. హెన్రీ స్థిరాంకంతో (పదార్థం గాలిలో ఎంత, నీటిలో ఎంత ఉంటుందో చెప్పే అంకె) సరిచేయండి. ఉత్పత్తులను గ్యాస్ క్రొమటోగ్రఫీలో చూస్తూ ఇథిలీన్, ఈథేన్‌తో పాటు వినైల్ క్లోరైడ్ కోసం తప్పక వెతకండి.

ఎంతకాలం పనిచేస్తుంది?

తాజా ఉత్ప్రేరకం ఎప్పుడూ గొప్పగానే ఉంటుంది. అదే పొడిని కడిగి కనీసం ఐదుసార్లు కొత్త ద్రావణంతో నడపండి. ప్రతిసారీ నీటిలోకి కరిగిన పల్లాడియం, ఇనుము కొలవండి. వేగం పడిపోయి పల్లాడియం నీటిలోకి రాలేదంటే అది తుప్పు కింద పూడిపోయి ఉండవచ్చు. పలుచని ఆమ్లంతో కడిగితే కొంత తిరిగి వస్తుంది.

సల్ఫైడ్ మాత్రం వేరు. ఆక్సిజన్ లేని భూగర్భ జలంలో అది తరచూ ఉంటుంది, పల్లాడియంని గట్టిగా పట్టుకుని వదలదు. అల్యూమినా లాంటి ఆధారం మీదున్న పల్లాడియంని హైపోక్లోరైట్‌తో శుభ్రం చేయవచ్చు, కానీ ఇనుము మీద ఆ వైద్యం పనికిరాదు, హైపోక్లోరైట్ ఇనుమునే తినేస్తుంది. అందువల్ల మీరు శుద్ధి చేయాలనుకున్న అసలు నీటితో ఒక్క సీసా అయినా ముందే నడపండి.

ఇనుము వద్దనుకుంటే

బయటి నుంచి హైడ్రోజన్ ఇవ్వగలిగితే బంగారు నానో కణాల మీద పల్లాడియం వేసిన ఉత్ప్రేరకం ఉంది. బంగారం ఒంటరిగా ఈ పని పెద్దగా చేయదు, కానీ పల్లాడియం చురుకును పెంచుతుంది, సల్ఫైడ్‌ను తట్టుకునే శక్తినీ ఇస్తుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో 2000ల మధ్య నుంచి దీని మీద చాలా పని జరిగింది. వాయు దశలో 1,2-డైక్లోరోఈథేన్ లాంటివాటికి పల్లాడియంలో వెండి, లేదా ప్లాటినంలో రాగి కలిపితే ఈథేన్‌కి బదులు ఇథిలీన్ ఎక్కువగా వస్తుంది, అంటే వ్యర్థం నుంచి అమ్ముకోదగ్గ సరుకు. చిమ్నీ పొగలోని డయాక్సిన్లను కాల్చడానికి టైటానియా మీద వెనేడియం ఆక్సైడ్, దానికి తోడు టంగ్‌స్టన్ వాడతారు. వీటి తయారీ పూర్తిగా వేరు.

పని అయ్యాక

వాడిన ద్రావణాలను క్లోరిన్ ఉన్న కర్బన వ్యర్థాల డబ్బాలో వేయండి, సింక్‌లో కాదు. వాడిన పొడిని నీటి కింద తడిగా ఉంచి, మూతకు సన్నని రంధ్రం వదలండి. ఇనుము ఇంకా హైడ్రోజన్ వదులుతూనే ఉంటుంది, గట్టిగా బిగించిన సీసా కొన్ని వారాల్లో పగలగలదు. ఆ సీసా మీద పల్లాడియం ఎంత ఉందో రాసిన చీటీ అంటించండి, ఆ లోహాన్ని తిరిగి తీయడానికి పంపేటప్పుడు మొదట అడిగేది ఆ అంకెనే.